గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో: ట్రాన్సాక్సిల్ గురించి మీ అనుభవాలు చెప్పండి

వానచినుకు:
అందరికీ నమస్కారం. నా కారు పదకొండేళ్లది. ఇంజిన్ ముందు అడ్డంగా ఉంటుంది, లాగేవి ముందు చక్రాలే, గేర్లు చేత్తో మార్చాలి. నెల రోజులుగా గంటకు 50 కిలోమీటర్లు దాటగానే ముందు వైపు నుంచి తుమ్మెద రొదలాంటి శబ్దం వస్తోంది. వేగం పెరిగేకొద్దీ రొద పెరుగుతుంది. మెకానిక్ కాస్త దూరం నడిపి చూసి, ట్రాన్సాక్సిల్ చెడిపోయింది, మొత్తం దించి విప్పాలి అన్నారు.

నేను నడపడం నేర్చుకున్న పాత బండిలో గేర్‌బాక్స్ ఇంజిన్ వెనకే ఉండేది. దాని నుంచి పొడవాటి షాఫ్ట్ ఒకటి కారు కింద నుంచి వెనక ఇరుసు దాకా వెళ్లేది. ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపించేదే డిఫరెన్షియల్ అని మా నాన్నగారు చూపించేవారు. ఈ కారు కిందికి వంగి చూస్తే ఆ షాఫ్టూ లేదు, ఆ ఉబ్బూ లేదు. విప్పించే ముందు అసలు ఇదేమిటో, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఉంది. మీకు ఇలాంటి శబ్దాలు ఎదురై ఉంటే చివరికి లోపం ఎక్కడ తేలిందో చెప్పండి.

ఇరుసు:
వానచినుకు గారూ, మీరు వెతికిన ఉబ్బు గేర్‌బాక్స్ లోపలికి చేరింది. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్), ఆక్సిల్ (ఇరుసు) అనే రెండు మాటలు అతికితే ట్రాన్సాక్సిల్. ఆ పేరులాగే రెండు యంత్రాలూ ఒకే లోహపు పెట్టెలో కలిశాయి. పెట్టె ఒకటే అయినా పని మూడు అంచెల్లో జరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. ఇంజిన్ నిమిషానికి 2800 చుట్లు తిరుగుతోంది అనుకోండి. మొదటి గేరు నిష్పత్తి 3.5 అయితే, గేర్లు దాటి వచ్చే షాఫ్ట్ 800 చుట్లు తిరుగుతుంది. దాని చివరన ఉన్న చిన్న పళ్లచక్రం తనకన్నా నాలుగు రెట్లు పళ్లున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ఇది రెండో అంచె, దీన్నే ఫైనల్ డ్రైవ్ అంటారు. ఇక్కడ వేగం 200 చుట్లకు దిగుతుంది. 3.5ను 4తో గుణిస్తే 14. రాపిడికి పోయేది పక్కన పెడితే, ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, చక్రాల దగ్గరికి వచ్చేసరికి 14 రెట్లవుతుంది. ఆగి ఉన్న కారును కదిలించేది ఈ గుణకారమే.

ఆ పెద్ద చక్రానికి బిగించిన గూడులో మూడో అంచె ఉంటుంది. అదే మీ నాన్నగారు చూపించిన డిఫరెన్షియల్. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అయితే, కారు ఒక పూర్తి గుండ్రం తిరిగేసరికి బయటి చక్రం లోపలి దానికన్నా సుమారు 9.4 మీటర్లు ఎక్కువ దొర్లాలి. గుండ్రం చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు నేలమీద ఈడ్చుకుపోక తప్పదు. అందుకని గూడు లోపల ఒక అడ్డ పిన్ను మీద రెండు చిన్న పళ్లచక్రాలను పెడతారు. వాటికి అటూ ఇటూ మరో రెండు ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో డ్రైవ్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. తిన్నగా వెళ్లేటప్పుడు పిన్ను మీది చక్రాలు తమ చుట్టూ తాము తిరగవు, గూడంతా ఒకే ముద్దగా తిరుగుతుంది. మలుపులో మాత్రం అవి మెల్లగా దొర్లి, లోపలి చక్రం ఎంత తగ్గిందో అంత వేగాన్ని బయటి చక్రానికి చేరుస్తాయి. నేను మొదటిసారి దీన్ని బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూసినప్పుడు చాలాసేపు వదలబుద్ధి కాలేదు.

ఇంకొక్క మాట. మీ కారులో ఇంజిన్ అడ్డంగా ఉంది కాబట్టి ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్, చక్రాల ఇరుసు సమాంతరంగా ఉంటాయి. శక్తిని లంబంగా మళ్లించే పని లేదు. ఏటవాలు పళ్లున్న మామూలు చక్రాల జత సరిపోతుంది. మీ పాత బండిలో షాఫ్ట్ నిలువుగా, అంటే కారు పొడవునా, వచ్చి ఇరుసును అడ్డంగా తిప్పాలి కనుక క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్నది అవసరమయ్యాయి.

పాతబండి:
పేరు కొత్తగా వినిపించినా ఈ అమరికకు చాలా వయసుంది. 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్‌లో ముందు చక్రాలే లాగేవి. గేర్‌బాక్స్ కారు ముక్కులో, దాని వెనక ఇంజిన్. వోక్స్‌వాగన్ బీటిల్‌లో ఇంజిన్ వెనక ఇరుసుకు ఇంకా వెనక, గేర్లు ఇరుసుకు ముందు, రెండింటి నడుమ డిఫరెన్షియల్. 1959లో మినీ కోసం అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ను అడ్డం తిప్పి, గేర్లను ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టిలోనే అమర్చారు. ఇంజిన్‌కూ గేర్లకూ ఒకే నూనె. చోటు బాగా కలిసొచ్చింది కానీ గేరు పళ్ల మధ్య నలిగి నూనె త్వరగా పలచబడుతుంది. ఆ పాత మినీ ఉన్నవాళ్లు నూనె మార్చడంలో ఆలస్యం చేయకపోవడానికి కారణం ఇదే.

వానచినుకు గారి కారులోని అమరిక ఫియట్ ఇంజినీరు దాంతే జియకోజా దారిలోది. 1964 నాటి ఆటోబియాంకి ప్రిములాలో, తరవాత 1969లో ఫియట్ 128లో గేర్‌బాక్స్‌ను ఇంజిన్ కిందకు తోయకుండా దాని పక్కనే వరసలో పెట్టారు. నేడు ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో చాలా వాటిది ఇదే పద్ధతి. ఇందులో డిఫరెన్షియల్ సరిగ్గా కారు మధ్యకు రాదు. ఒక డ్రైవ్ షాఫ్ట్ పొడవు, రెండోది పొట్టి. బలమైన ఇంజిన్ ఉన్న కారులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకు గుంజడానికి ఈ అసమానత ఒక కారణం. కొందరు తయారీదారులు పొడవు వైపు మధ్యలో బేరింగ్‌తో ఇంకో షాఫ్ట్ ముక్క పెట్టి, రెండు వైపులా సమానం చేస్తారు.

నా మనసు మాత్రం ఇంజిన్ ముందు, ట్రాన్సాక్సిల్ వెనక ఉన్న కార్ల మీదే. 1950 లాన్సియా ఆరేలియా, 1972 ఆల్ఫా రోమియో ఆల్ఫెట్టా, పోర్షె 924, 928, 944, 1997 నుంచి 2019 దాకా కొర్వెట్. గేర్ల బరువు వెనక్కి జరగడంతో ముందూ వెనకా బరువు దాదాపు సమంగా పంచుకుంటుంది. ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పాత రకం గట్టి ఇరుసులో డిఫరెన్షియల్ బరువంతా చక్రాలతోపాటు గతుకుల్లో ఎగిరి పడుతుంది. ట్రాన్సాక్సిల్ కారు శరీరానికి బిగించి ఉంటుంది కనుక ఆ బరువు స్ప్రింగుల పైకి చేరుతుంది. చక్రం తేలికై నేలను వదలకుండా ఉంటుంది.

మూడోగేరు:
పాతబండి గారు చెప్పిన వాటిలో 944 నా దగ్గర పద్నాలుగేళ్లుగా ఉంది. వెనక ట్రాన్సాక్సిల్ కార్లలో క్లచ్ ఎక్కడుందో తప్పకుండా చూడాలి. 944లో అది ముందు, ఇంజిన్‌ను ఆనుకుని ఉంటుంది. క్లచ్ తరవాత గట్టి గొట్టంలో షాఫ్ట్, దాని చివర గేర్లు. గేరు మార్చినప్పుడల్లా సింక్రోనైజర్ (గేరు పడేముందు వేగాలు సమం చేసే భాగం) ఆ పొడవాటి షాఫ్ట్ వేగాన్ని కూడా మార్చాలి. అందువల్ల నేను గేరు కర్రను ఎప్పుడూ తొందరపెట్టను. రెండో గేరు దగ్గర ఒక్క క్షణం ఆగి వేస్తే వెన్నలా పడుతుంది.

ఆల్ఫెట్టాలో క్లచ్ కూడా వెనకే, గేర్లతోనే ఉంటుంది. గేర్లకు ఆ భారం లేదు. కానీ షాఫ్ట్ ఎల్లవేళలా ఇంజిన్ వేగంతో తిరుగుతుంది, దాన్ని కలిపే రబ్బరు బిళ్లలు ముదిరితే కారంతా వణుకుతుంది.

మొదటిసారి క్లచ్ ప్లేటు మార్చడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. సైలెన్సర్ గొట్టాలు, డ్రైవ్ షాఫ్ట్‌లు, ట్రాన్సాక్సిల్ దించి, నడుమ గొట్టాన్ని వెనక్కి జరిపితే గానీ ముందున్న క్లచ్ చేతికి రాలేదు.

అనిత_పనిముట్లు:
నేను పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. వానచినుకు గారూ, దయచేసి ఇప్పుడే దించనివ్వకండి. చక్రాల వేగంతోపాటు పెరిగే రొద అంటే ట్రాన్సాక్సిల్ కావచ్చు, కాకపోవచ్చు. విప్పకుండానే చాలా వరకు తేల్చవచ్చు.

ముందు కారు ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి. శబ్దం ఉండి, క్లచ్ తొక్కగానే పోతే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ బేరింగ్ అరిగినట్టు. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగ్. ఏదో ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్ల జతను అనుమానించాలి. ఇక్కడ పాత మెకానిక్‌లు కూడా పొరబడే చోటు ఒకటి ఉంది. వెనక చక్రాలు లాగే పాత బండ్లలో నాలుగో గేరు అంటే శక్తి పళ్ల జతలను దాటకుండా నేరుగా వెళ్లడం. అందుకే నాలుగులో శబ్దం పోతే గేర్లదే తప్పు అని తేల్చేవారు. మీ కారులోని రెండు షాఫ్ట్‌ల పెట్టెలో నేరు గేరు లేదు, ప్రతి గేరులోనూ ఒక జత పళ్ల మీద భారం పడుతుంది. ఆ పాత పరీక్ష ఇక్కడ చెల్లదు.

తరవాత ఖాళీగా ఉన్న తిన్నని దారిలో శబ్దం వచ్చే వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు వేసి, తీసి చూడండి. కాలు తీసినప్పుడు రొద తీరు మారితే ఫైనల్ డ్రైవ్ పళ్లు, వాటి బేరింగ్‌ల వైపు చూడాలి, ఎందుకంటే భారం పళ్ల ఒక ముఖం నుంచి రెండో ముఖానికి మారింది. ఏ మార్పూ లేకపోతే చక్రం బేరింగ్ గానీ టైరు గానీ అయ్యే అవకాశం ఎక్కువ. రోడ్డు పైపొర మారినప్పుడు శబ్దం మారితే అది టైరు. పొడవైన కుడి మలుపులో పెరిగి ఎడమ మలుపులో తగ్గితే ఎడమ చక్రం బేరింగ్, ఎందుకంటే కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ వైపు పడుతుంది. చివరగా కారును జాకీతో లేపి, కింద గట్టి ఆధారం పెట్టి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. అరిగిన బేరింగ్ గరగర చెవికి అందకపోయినా స్ప్రింగు ద్వారా అరచేతికి తెలుస్తుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి సీవీ జాయింట్, అంటే చక్రం పక్కకు తిరిగినా దాన్ని తిప్పగలిగే కీలు. వేగం పెంచేటప్పుడు మాత్రమే వణికితే లోపలి జాయింట్. మీరు చెప్పిన లక్షణాలు ఈ రెండూ కావు.

నూనెచుక్క:
నా అనుభవం నూనెది. గేరు నూనెల్లో జీఎల్-4, జీఎల్-5 అని రకాలుంటాయి. జీఎల్-5 నూనె జీఎల్-4 కన్నా పై మెట్టు కదా, అదే పోస్తే గేర్లకు మేలని నమ్మాను. ముందు చక్రాలు లాగే నా కారులో పోశాక ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గీసుకుంటూ పడటం మొదలైంది. మళ్లీ జీఎల్-4కు మార్చాక చాలా వరకు సర్దుకుంది. ఎందుకిలా జరిగింది?

ఇరుసు:
పెద్ద సంఖ్య మెరుగైన నూనెకు గుర్తు కాదండీ, వేరే పనికి చేసిన నూనెకు గుర్తు. నేను మొదట చెప్పిన తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది. క్రౌన్ వీల్, పినియన్ హైపాయిడ్ రకానివైతే (అంటే పినియన్ నడుమ గీత క్రౌన్ వీల్ నడుమ గీతను కలవకుండా పక్కకు జరిగి ఉంటే) వాటి పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాదు, గట్టి ఒత్తిడిలో జారుతాయి కూడా. ఆ జారుడులో లోహానికి లోహం తగలకుండా జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువగా వేస్తారు. సింక్రోనైజర్‌కు కావలసింది దీనికి తలకిందులు. అందులోని ఇత్తడి ఉంగరం గేరును రాపిడితో పట్టుకుని వేగాలు సమం చేయాలి. నూనె మరీ జారుడుగా ఉంటే ఉంగరానికి పట్టు దొరకదు. కొన్ని జీఎల్-5 నూనెల్లోని గంధకం ఇత్తడినే తినేస్తుంది.

అడ్డంగా పెట్టిన ఇంజిన్ల ట్రాన్సాక్సిల్‌లో సాధారణంగా హైపాయిడ్ పళ్లు ఉండవు కాబట్టి జీఎల్-4తోనే, కొన్నిసార్లు ఏటీఎఫ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెతోనే పని జరిగిపోతుంది. ఇంజిన్ నిలువుగా ఉన్న ట్రాన్సాక్సిల్‌లో హైపాయిడ్ పళ్లు, సింక్రోనైజర్లు ఒకే నూనెలో మునగవచ్చు. అక్కడ తయారీదారు జీఎల్-5 అడిగితే జీఎల్-5నే పోయాలి. గేర్లకు బదులు కప్పీలు, బెల్టు ఉండే సీవీటీ పెట్టెల సంగతి మరీ వేరు. కప్పీల మధ్య లోహపు బెల్టు జారకుండా పట్టి ఉంచేది కూడా ఆ నూనె గుణమే. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసింది తప్ప మరేదీ పోయకండి.

ఎర్రమట్టి:
నూనె మాట వచ్చింది కాబట్టి నేను చేసిన పొరపాటు కూడా రాస్తాను, ఇంకొకరు తప్పించుకుంటారు. నాది నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఆటోమేటిక్. ఇంజిన్ నిలువుగా ఉంటుంది. బయటికి ఒకే పెట్టెలా కనిపిస్తుంది కానీ లోపల రెండు అరలు. ఒక దానిలో ఆటోమేటిక్ గేర్ల ఏటీఎఫ్, రెండోదానిలో ముందు డిఫరెన్షియల్‌కు చిక్కటి గేరు నూనె. ఇంజిన్ ఆయిల్ మార్చబోయి, కింద పక్కపక్కనే ఉన్న బోల్టుల్లో డిఫరెన్షియల్‌ది విప్పేశాను. వచ్చిన నూనె తేనెరంగులో ఉంది, ఘాటైన గంధకం వాసన కొట్టింది. ఆ వాసనే నన్ను కాపాడింది. గమనించక ఇంజిన్‌లో కొత్త నూనె పోసి ఉంటే ఇంజిన్‌లో రెండింతలు, డిఫరెన్షియల్‌లో సున్నా అయ్యేది.

అనిత_పనిముట్లు:
ఎర్రమట్టి గారిలాంటి కార్లు ఏడాదికి రెండు మూడైనా నా దగ్గరికి వస్తాయి, అన్నీ అంత అదృష్టంతో రావు. కింది బోల్టు విప్పే ముందు నూనె నింపే పై బోల్టు వదులవుతుందో లేదో చూసుకోండి. అది తుప్పుతో బిగుసుకుని ఉంటే, కింద అంతా ఖాళీ చేశాక తిరిగి పోసే దారి ఉండదు.

ఇంకొకటి. డ్రైవ్ షాఫ్ట్‌లు రెండూ ఒకేసారి లాగేయకండి. కొన్ని ట్రాన్సాక్సిల్‌లలో డిఫరెన్షియల్ లోపలి పక్క చక్రాలు ఆధారం లేక జారి పక్కకు పడతాయి. వాటిని తిరిగి వరసలోకి తేవడానికి కొన్నిసార్లు పెట్టె మొత్తం దించాల్సి వస్తుంది. ఒకటి తీసి, దాని చోట సరిపడే కడ్డీ పెట్టి, తరవాత రెండోది తీయాలి.

కడ్డీచట్రం:
నేను ఇంజిన్ మధ్యలో ఉండే చిన్న పందెం కారు కట్టుకున్నాను. అందులో వాడింది బీటిల్ ట్రాన్సాక్సిల్. బీటిల్‌లో వెనక ఇంజిన్, ముందు గేర్లు. నా కారులో ఇంజిన్ ఇరుసుకు ముందు ఉండాలి, కాబట్టి పెట్టెను ముందువెనకలుగా తిప్పి బిగించాలి. అలాగే బిగించేస్తే చక్రాలు తిరగాల్సిన దిక్కుకు ఎదురుగా తిరుగుతాయి. వెనక్కి వెళ్లడానికి నాలుగు గేర్లు, ముందుకు వెళ్లడానికి ఒకటి! దీనికి మందు పెట్టె లోపలే ఉంది. క్రౌన్ వీల్‌ను విప్పి పినియన్‌కు రెండో పక్కకు మార్చితే దిశ మారిపోతుంది. అది మార్చి మొదటిసారి ముందుకు కదిలిన ఉదయం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పందెం కార్ల గేర్‌బాక్స్‌లకు పేరున్న హ్యూలాండ్ సంస్థ కూడా 1960ల మొదట్లో బీటిల్ పెట్టెనే ఆధారం చేసుకుని తన తొలి గేర్‌బాక్స్‌లు తయారుచేసింది.

దీపస్తంభం:
నేను దారిలో ఆగిపోయిన కార్లను లాక్కెళ్లే బండి నడుపుతాను. ముందు చక్రాలు లాగే ఆటోమేటిక్ కారును ఆ చక్రాలు నేలమీద దొర్లేలా లాక్కెళ్లకండి. నూనెను తోడే పంపు సాధారణంగా ఇంజిన్‌తో తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే పెట్టె లోపలి పళ్లచక్రాలు నూనె లేకుండా తిరిగి కాలిపోతాయి. ముందు చక్రాలు పైకెత్తాలి, లేదా కారు మొత్తాన్ని పళ్లెం బండి ఎక్కించాలి.

విద్యుత్ కార్లను నేనైతే ఎక్కించే తీసుకెళ్తాను. చాలా వాటిలో మోటారుకూ చక్రాలకూ మధ్య విడదీసే క్లచ్ ఉండదు. చక్రం దొర్లితే మోటారు తిరిగి కరెంటు పుడుతుంది.

ఇరుసు:
విద్యుత్ కారుదీ ట్రాన్సాక్సిలే, చాలా వాటిలో మార్చుకునే గేర్లు లేనిది. మోటారు నిలిచిన చోటు నుంచే బలం ఇస్తుంది, నిమిషానికి పది వేల చుట్లు దాటి కూడా తిరగగలదు. అందుకని సుమారు 9కి 1 తగ్గించే స్థిరమైన పళ్ల వరస, దాని వెంటే డిఫరెన్షియల్ ఉంటే చాలు.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది 1997లో వచ్చిన టొయోటా ప్రియస్ పెట్టె. మధ్యలో సూర్య చక్రం, చుట్టూ గ్రహ చక్రాలు, బయట వలయం. గ్రహాలను మోసే పళ్లెం ఇంజిన్‌ది, సూర్యుడు ఒక మోటారు జనరేటర్‌ది, వలయం రెండో మోటారుతోపాటు కారు చక్రాలది. ఇంజిన్ వేగం మారకుండానే సూర్య చక్రం వేగం మార్చి కారు వేగాన్ని మార్చవచ్చు. వెనక్కి వెళ్లడానికి ప్రత్యేకమైన గేరే లేదు, రెండో మోటారు ఎదురు దిక్కుకు తిరిగితే సరి.

వానచినుకు:
ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. అనిత గారు చెప్పిన పరీక్షలు వరసగా చేశాను. ఆగి ఉన్నప్పుడు శబ్దం లేదు. అన్ని గేర్లలోనూ ఒకే తీరు. కాలు తీసినా వేసినా మార్పు లేదు. పొడవైన కుడి మలుపులో రొద స్పష్టంగా పెరిగింది. ఎడమ ముందు చక్రం లేపి స్ప్రింగు మీద చెయ్యి వేస్తే ఇసుక నలిగినట్టు తగిలింది, కుడి వైపు అలా లేదు. వేరే మెకానిక్ దగ్గర ఎడమ చక్రం బేరింగ్ మార్పించాను. రొద పూర్తిగా పోయింది.

ట్రాన్సాక్సిల్‌ను ముట్టుకోలేదు అనుకుంటున్నారేమో, ముట్టుకోవాల్సి వచ్చింది. బేరింగ్ కోసం చక్రం తీసినప్పుడు లోపలి వైపు డ్రైవ్ షాఫ్ట్ దూరే చోట నూనె చెమర్చి మట్టి పేరుకుని ఉంది. నింపే రంధ్రంలో వేలు పెడితే నూనె అందలేదు. ఆయిల్ సీల్ కొత్తది వేసి, పుస్తకంలో రాసిన నూనె పోస్తే అర లీటరుకు పైగా పట్టింది.

అనిత_పనిముట్లు:
చాలా సంతోషం. ఇంకొక్క పని మిగిలింది. పెట్టె పై భాగంలో గాలి ఊపిరి తీసుకునే చిన్న మూత ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి, నూనెను సీల్‌ల గుండా బయటికి తోస్తుంది. అలాంటప్పుడు కొత్త సీల్ కూడా నిలవదు. ఒకసారి చూడండి.

వానచినుకు:
ఇప్పుడే చూసి వచ్చాను. మట్టి గట్టిపడి మూత కదలనే లేదు. తీసి శుభ్రం చేసి పెట్టాను. సీల్ చుట్టూ తుడిచి పొడిగా ఉంచాను, వెయ్యి కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.